ఎడారి తొండకు ఇసుక నేల మంచిదేనా?

తొండను చూడని తెలుగు పిల్లలు ఉండరు. కంచె మీదనో, పిట్టగోడ మీదనో కూర్చుని తల పైకీ కిందికీ ఆడిస్తూ మనల్నే చూస్తున్నట్టు కనబడుతుంది. "తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అని మనకొక సామెత కూడా ఉంది. నిజానికి తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు. రెండూ బంధువులే అయినా వేర్వేరు కుటుంబాలకు చెందిన జంతువులు. తొండలది అగామిడే కుటుంబం. ఈ కుటుంబంలో మన తొండకు దాయాదులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి సముద్రాల కవతల, ఆస్ట్రేలియా ఖండం నడిబొడ్డున నివసిస్తుంది. దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. గడ్డం ఉన్న డ్రాగన్ అని అర్థం. మన తొండకు దాయాదే గనుక ఈ వ్యాసంలో దాన్ని "గడ్డం తొండ" అని పిలుచుకుందాం.

అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాను వంటి దేశాలలో చాలామంది పిల్లలు ఈ గడ్డం తొండను ఇంట్లో పెంచుకుంటారు. అక్కడి పెంపుడు జంతువుల దుకాణాలలో దీన్ని గాజు పెట్టెలో ఉంచుతారు. పెట్టె వెనుక గోడకు నాగజెముడు బొమ్మ, పైన ఒక దీపం, అడుగున మెత్తని ఇసుక. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. "ఇది ఎడారి జంతువు. ఎడారిలో ఇసుక ఉంటుంది. కనుక దీనికి ఇసుక పరచాలి" అనే వాదం కూడా సబబుగానే తోస్తుంది.

కాని సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యులు, ముఖ్యంగా గడ్డం తొండ పిల్లలకు, పొడి ఇసుక పరచవద్దంటారు. ఇసుక మింగి, పేగులో అడ్డుపడి, ఆపరేషను దాకా వచ్చే తొండలున్నాయి. ప్రాణం పోయేవీ ఉన్నాయి.

ఎడారి జంతువుకు ఇసుకే ప్రమాదమా? ఇదెక్కడి విడ్డూరం? ఆ వాదంలో ఎక్కడో ఒక మెలిక ఉండాలి. అదేమిటో చూద్దాం.

ఎడారి అంటే ఇసుకేనా?

ఎడారి అనగానే మనకు సినిమాలలో చూసిన ఇసుక తిన్నెలు, వాటి మీద నడిచే ఒంటెలు గుర్తుకొస్తాయి. కాని ఒక ప్రదేశం ఎడారి అవునా కాదా అనేది ఇసుకను బట్టి తేల్చరు. వర్షాన్ని బట్టి తేలుస్తారు. భూమి మీది ఎడారులన్నిటిలో ఇసుక పరుచుకున్న భాగం ఇంచుమించు ఐదో వంతు మాత్రమే. మిగిలినదంతా రాతి నేల, గులకనేల, ఎండి బిగిసిన మట్టినేల.

మన అనంతపురం ప్రాంతాన్నే తీసుకోండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మెట్ట ప్రాంతం. అక్కడి నేల ఇసుక తిన్నెలా? కాదు. ఎర్రమట్టి, రాళ్ళు, ముళ్ళపొదలు.

గడ్డం తొండ పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు, మధ్య భాగాలలోని లోపలి ప్రాంతం. దానిలో ఎక్కువ భాగం నిండు ఎడారి కూడా కాదు. పలచని చెట్లు, పొదలు, గడ్డి ఉన్న మెట్టనేల. ఇనుము తుప్పు రంగు కలిసిన ఎర్రమట్టి ఎండకు కాలి ఇటుకలా గట్టిపడి ఉంటుంది. ఇసుక నేలలూ లేకపోలేదు. అయితే ఆ ఇసుకలో చాలా చోట్ల బంకమన్ను కలిసి ఉంటుంది. వానకు తడిసి, ఎండకు ఎండి, గడ్డి వేళ్ళు అల్లుకుని పైన పెచ్చు కడుతుంది. దుకాణంలో సంచీలో అమ్మే జల్లెడ పట్టిన ఇసుకకూ, దీనికీ పోలిక తక్కువ.

ఇంకొక సంగతి. గడ్డం తొండ రోజంతా నేల మీదే గడపదు. పడిపోయిన మాను, చెట్టు మొద్దు, కంచె గుంజ ఏది దొరికితే అది ఎక్కి కూర్చుంటుంది. ఎండ మితిమీరితే నీడకు పోతుంది, లేదా బొరియలో దూరుతుంది. మన తొండ కూడా అంతే కదా!

ఒక చిన్న ప్రయోగం

ఇసుకకూ గట్టినేలకూ తేడా ఎందుకు వస్తుందో మీరే చేసి చూడవచ్చు. మూడు కొబ్బరి చిప్పలు తీసుకోండి. ఒకదానిలో వట్టి ఇసుక, రెండోదానిలో వట్టి బంకమన్ను, మూడోదానిలో రెండూ కలిపి పోయండి. మూడింటినీ నీటితో తడిపి, గరిటె వెనుక భాగంతో అదిమి, నాలుగు రోజులు ఎండలో ఉంచండి. తరువాత వేలితో గీకి చూడండి.

వట్టి ఇసుక రాలిపోతుంది. వట్టి బంకమన్ను ఎండి బీటలు వేస్తుంది. రెండూ తగు పాళ్ళలో కలిసినది గట్టిగా నిలుస్తుంది. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటరుకు లోపే. అంత చిన్న రేణువులు పెద్ద ఇసుక రేణువుల సందులలో చేరి, వాటిని ఒకదానికొకటి అతికిస్తాయి. వినాయక చవితికి బొమ్మను బంకమన్నుతోనే చేస్తాం గాని ఇసుకతో చేయలేం. కారణం ఇదే.

అంటే గడ్డం తొండ స్వస్థలంలో కాళ్ళ కింద ఉండేది చాలావరకు మీ మూడో చిప్పలోని నేల. దుకాణం వాడు పరిచింది మొదటి చిప్పలోనిది.

నాలుకకు అంటిన ఇసుక

అయితే పొడి ఇసుక మీద ఉంటే ఏం పోయింది? దీనికి సమాధానం తొండ తినే తీరులో ఉంది.

గడ్డం తొండ కీచురాయి వంటి పురుగు మీదికి ఉరుకుతుంది. పురుగును పళ్ళతో కాక ముందు నాలుకతోనే అందుకుంటుంది. దాని నాలుక లావుగా, తడిగా, జిగటగా ఉంటుంది. పురుగు ఇసుక మీద ఉంటే దానితోపాటు ఇసుక కూడా నాలుకకు అంటుకుని నోట్లోకి పోతుంది. తినేటప్పుడే కాదు, కొత్త చోట తిరిగేటప్పుడు కూడా అది నేలను నాలుకతో తాకి చూస్తుంది. అలా అంటిన వాసన కణాలను నోటి పైభాగంలో ఉన్న ప్రత్యేక అవయవం గుర్తిస్తుంది. మనం ముక్కుతో చేసే పనిని అది కొంతవరకు నాలుకతో చేస్తుందన్నమాట. కనుక నేల మీద ఏది ఉంటే అది కొంచెం కొంచెంగా కడుపులోకి చేరుతూనే ఉంటుంది.

అడవిలో తిరిగే తొండ కూడా కాస్త మట్టి మింగుతుంది. అయినా దానికి ఏమీ కాదు. మరి పెట్టెలోని తొండకే ఎందుకు అడ్డుపడుతుంది?

ఇక్కడ ఉష్ణోగ్రత సంగతి వస్తుంది. సరీసృపాలను శీతల రక్త జంతువులంటారు. ఈ మాట కొంచెం తప్పుదోవ పట్టిస్తుంది. ఎండ కాగిన గడ్డం తొండ శరీర ఉష్ణోగ్రత ఇంచుమించు 35 సెంటీగ్రేడు డిగ్రీలు. మన శరీరం 37 డిగ్రీలు. పెద్ద తేడా లేదు కదా! తేడా ఎక్కడంటే, మన వేడిని మన శరీరమే పుట్టిస్తుంది. తొండ బయటి నుంచి తెచ్చుకుంటుంది. ఆ వేడి అందినప్పుడే దాని జీర్ణరసాలు చురుగ్గా పని చేస్తాయి, పేగు కండరాలు బాగా కదులుతాయి. వేడి చాలకపోతే తిన్నది కదలక నిలిచిపోతుంది.

నీరు చాలకపోయినా అంతే. పేగులోని పదార్థం ఎండి గట్టిపడుతుంది. కాల్షియం చాలకపోతే ఇంకొక ఇబ్బంది. కండరాలు సరిగా ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. పేగు గోడల్లో ఉండేవీ కండరాలే. కాల్షియం ఒంటపట్టడానికి డి విటమిను కావాలి. డి విటమిను తయారు కావటానికి సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అందుకే ఈ జంతువులకు ప్రత్యేకమైన దీపాలు అమరుస్తారు.

కనుక పేగులో అడ్డు పడిందంటే దోషమంతా ఇసుకదే కాదు. చలి, దాహం, కాల్షియం కొరత, మరీ పెద్ద పురుగులను తినిపించటం - వీటిలో ఏదో ఒకటి ఇసుకకు తోడవుతుంది. అన్నీ సరిగా ఉన్న పెద్ద తొండ కొంచెం ఇసుక మింగినా విసర్జించేస్తుంది. ఏ ఒక్కటి తప్పినా అదే ఇసుక పేగులో పేరుకుంటుంది. పిల్ల తొండ పేగు సన్నం, ఆకలి ఎక్కువ, గురి తక్కువ. అందుకే ప్రమాదం దానికే ఎక్కువ.

"కరిగిపోయే ఇసుక" కథ

ఈ భయాన్ని చూసి కొందరు వ్యాపారులు కాల్షియం కార్బొనేటుతో చేసిన ఇసుకను అమ్ముతారు. "ఇది మింగినా కడుపులో కరిగిపోతుంది, పైగా కాల్షియం కూడా దొరుకుతుంది" అంటారు. నిజమా? మన రసాయనశాస్త్రం పాఠంతో పరీక్షిద్దాం.

కోడిగుడ్డు పెంకులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. ఒక పెంకు ముక్కను గాజు గ్లాసులో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. బుడగలు వస్తాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడు. ఇప్పుడు గడియారం చూడండి. గంట తరువాత చూడండి, సాయంత్రం చూడండి. పెంకు ఇంకా మిగిలే ఉంటుంది. ఒక చెంచాడు వెనిగర్లో గుప్పెడు పెంకులు వేస్తే మరీ విచిత్రం. కొంతసేపటికి బుడగలు ఆగిపోతాయి, పెంకులు మాత్రం మిగిలిపోతాయి. ఆమ్లమంతా ఖర్చయిపోయింది!

తొండ కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది వెనిగర్ కన్నా బలమైనదే. కాని ఎక్కువ ఇసుక మింగితే అక్కడా ఇదే జరుగుతుంది. ఆమ్లం కొంత ఇసుకను కరిగించి తాను ఖర్చయిపోతుంది. ఆహారాన్ని జీర్ణం చేయవలసిన ఆమ్లం ఇసుకతో సరి. మిగిలిన ఇసుక ముద్ద కడుతుంది. పైగా కాల్షియం చాలని జంతువు ఆ రుచి మరిగి దానిని కావాలనే తింటుంది. ఇలా మామూలు ఇసుక కన్నా ఇదే ఎక్కువ హాని చేయవచ్చు. కాల్షియం అవసరమే. దాన్ని కొలత ప్రకారం పొడిగా పురుగుల మీద చల్లి ఇస్తారు, నేల మీద పోయరు.

నేల చేసే నాలుగు పనులు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గూటి నేల అలంకారం కోసం కాదు. దానికి నాలుగు పనులున్నాయి.

మొదటిది, వేడిని అందించటం. మధ్యాహ్నం పూట ఇంటి ముందరి కడప బండ మీద చెప్పులు లేకుండా నడిచారా? కాళ్ళు చురుక్కుమంటాయి. పక్కనే పరిచిన చాప అంత బాధించదు. రాయి వేడిని త్వరగా అందిస్తుంది, చాప అందించదు. దీపం కింద ఒక బండ ఉంటే అది వేడెక్కి, మీద పడుకున్న తొండ పొట్టకు వేడినిస్తుంది. దీపం కింద నేల సుమారు 40 డిగ్రీలు, పెట్టె రెండో కొసన సుమారు 25 డిగ్రీలు ఉండాలి. అప్పుడు తొండ తనకు కావలసిన చోటుకు జరుగుతుంది. పెద్ద తొండకు పెట్టె కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలనటానికి ఇదొక కారణం. చిన్న పెట్టెలో రెండు వాతావరణాలు ఇమడవు.

ఇసుక సంగతి వేరు. విశాఖ సముద్రతీరంలో ఎండ వేళ ఇసుక అరికాళ్ళను కాలుస్తుంది. జానెడు లోతు తవ్వితే చల్లగా ఉంటుంది. రేణువుల నడుమ ఉన్న గాలి వేడిని లోపలికి పోనివ్వదు. ఎడారి జంతువుకు ఈ సంగతి పుట్టుకతోనే తెలుసు. వేడిగా ఉంటే తవ్వుకుని కిందికి పోతుంది. ఇప్పుడు ఆలోచించండి. పెట్టె అడుగున విద్యుత్ పలక పెట్టి, దాని మీద మందంగా ఇసుక పోస్తే ఏమవుతుంది? వేడి కిందనే చిక్కుకుంటుంది. చల్లదనం కోసం తవ్విన తొండ మంటకు ఎదురుపోతుంది. పొట్ట కాలిన తొండలు ఇలా తయారవుతాయి. అందుకే వేడి పైనుంచి రావాలి, సూర్యుడిలాగా.

రెండవది, పొడిగా, శుభ్రంగా ఉండటం. గడ్డం తొండకు పొడి గాలి కావాలి. నేల తడిగా ఉంటే బూజు పడుతుంది, చర్మవ్యాధులు వస్తాయి. మరొక విశేషం: సరీసృపాలు మనలా మూత్రాన్ని నీళ్ళగా విసర్జించవు. నీటిని ఆదా చేసుకోవటానికి వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లం రూపంలో, తెల్లని ముద్దగా బయటికి పంపుతాయి. మన గోడ మీది బల్లి రెట్టలో నల్లని భాగం చివర తెల్లని చుక్క చూశారు కదా! అదే ఇది. ఆ తెలుపు పసుపు రంగుకు తిరిగిందా, గట్టిపడిందా, రెట్ట ఎన్నాళ్ళకొకసారి వస్తోంది - ఇవన్నీ ఆరోగ్యాన్ని తెలిపే గుర్తులు. నేల ఈ గుర్తులను మన కంటబడనివ్వాలి. ఇసుకలో అవి కప్పబడిపోతాయి.

మూడవది, పట్టు ఇవ్వటం. నున్నటి గాజు మీద, మెరుగు పెట్టిన టైలు మీద గోళ్ళు ఆనవు. ఎదిగే పిల్ల కాళ్ళు పక్కలకు జారిపోతాయి. నేల కాస్త గరుకుగా ఉంటే నడక కుదురుతుంది, గోళ్ళు కూడా తగుమాత్రం అరుగుతాయి.

నాలుగవది, తవ్వుకోనివ్వటం. తవ్వటం ఈ జంతువు సహజగుణం. ఆడ తొండకైతే అది ప్రాణావసరం. అది సొరంగం తవ్వి, ఒక్కొక్క ఈతకు సుమారు ఇరవై గుడ్లు పెట్టి, మన్ను కప్పుతుంది. మగతోడు లేకపోయినా పొదగని గుడ్లు పెట్టవచ్చు. తవ్వే చోటు దొరకకపోతే కొన్నిసార్లు గుడ్లను కడుపులోనే బిగబట్టి జబ్బు పడుతుంది. కనుక గుడ్లు పెట్టే వేళకు తడి ఇసుక, మట్టి కలిపి నింపిన లోతైన తొట్టి వేరుగా పెట్టాలి. చూశారా, ఇసుకకు కూడా సరైన చోటు ఉంది!

ఆ మన్ను మహిమ ఇంకా ఉంది. గుడ్లను పొదిగేది తల్లి కాదు, నేల వేడి. ఆ వేడి 32 డిగ్రీలు దాటితే, క్రోమోజోముల ప్రకారం మగ కావలసిన పిల్లలు కూడా ఆడవిగా పుట్టవచ్చునని శాస్త్రజ్ఞులు 2007లో తెలుసుకున్నారు. ప్రయోగశాలలోనే కాక అడవిలో కూడా ఇలా జరుగుతున్నదని 2015లో తేలింది.

ఏది పరచాలి, ఏది కూడదు?

ఈ నాలుగు పనుల కొలబద్దతో ఒక్కొక్క పదార్థాన్ని కొలుద్దాం.

కాగితం: పాత వార్తాపత్రిక, నీరు పీల్చే మందపాటి కాగితం. చూపుకు ఆనదు, తవ్వటానికి పనికిరాదు. కాని మింగే ప్రమాదం చాలా తక్కువ, రోజూ మార్చవచ్చు, రెట్ట స్పష్టంగా కనబడుతుంది. పిల్లలకు, జబ్బుపడ్డవాటికి, కొత్తగా తెచ్చినవాటికి ఇదే ఉత్తమం. అన్నిటికన్నా చవకైనది అన్నిటికన్నా క్షేమం కావటం విశేషమే.

బండలు, గరుకు టైళ్ళు: వేడిని బాగా అందిస్తాయి, కడగవచ్చు, గోళ్ళు అరుగుతాయి. సందులు లేకుండా పేర్చాలి. లేకపోతే పురుగులూ మురికీ అక్కడ దాక్కుంటాయి. పెద్ద తొండలకు చాలా మంచివి. తవ్వటానికి మాత్రం ఒక తొట్టి వేరుగా పెట్టాలి.

తివాచీ వంటి గుడ్డ: మెత్తగా ఉంటుంది కాని దారాలు ఊడి గోళ్ళకు, వేళ్ళకు చుట్టుకుంటాయి. పీచుల మధ్య సూక్ష్మజీవులు చేరతాయి. వాడితే రెండు గుడ్డలుంచుకుని, ఒకటి ఉతికి ఆరబెట్టినప్పుడు రెండోది వేయాలి.

చెక్క పొట్టు: దేవదారు జాతి చెక్కలలో ఘాటైన నూనెలుంటాయి. మూసిన పెట్టెలో ఆ ఆవిరి కళ్ళకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మింగితే జీర్ణం కాదు. కూడదు.

మొక్కజొన్న బెండు ముక్కలు, అక్రోటు పెంకు నలిపిన రవ్వ: మొదటిది తడికి ఉబ్బుతుంది, బూజు పడుతుంది. రెండోదానికి అంచులు పదును. రెండూ కూడదు.

పిల్లుల మల విసర్జనకు వాడే మట్టి: తడి తగిలితే ముద్ద కట్టడానికే దాన్ని తయారు చేస్తారు. కడుపులోనూ అదే చేస్తుంది. కూడనే కూడదు.

మట్టి, ఇసుక, బంకమన్ను మిశ్రమం: ఎరువులు, పురుగుమందులు కలవని మట్టిని ఇసుకతో, కొంచెం బంకమన్నుతో కలిపి, తడిపి, దిమ్మిసతో కొట్టినట్టు అదిమి, పూర్తిగా ఎండనివ్వాలి. ఇందుకు చాలా రోజులు పట్టవచ్చు. గోటితో గీకితే రాలనంత గట్టిపడ్డాకే తొండను వదలాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తొండకు ఇది స్వస్థలాన్ని తలపించే నేల. అయితే శ్రమ ఎక్కువ. రెట్టను ఎప్పటికప్పుడు ఎత్తివేయాలి, పాడైనచోట తీసి మళ్ళీ వేయాలి.

నేల ఏదైనా సరే, పురుగులను, ఆకుకూరలను గిన్నెలో పెట్టి తినిపిస్తే సగం ప్రమాదం తప్పుతుంది.

చేతులు కడుక్కోండి

నేల శుభ్రత తొండ కోసమే కాదు, మన కోసం కూడా. సరీసృపాల పేగులలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి తరచు ఉంటుంది. వాటికి హాని చేయకపోయినా మనకు వాంతులు, విరేచనాలు, జ్వరం తెప్పిస్తుంది. 2012-2014 మధ్య అమెరికాలో పెంపుడు గడ్డం తొండల నుంచి ఈ వ్యాధి వందమందికి పైగా సోకింది. వారిలో సగానికి పైగా పసిపిల్లలే. తొండను గాని, దాని పెట్టెను గాని తాకితే వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెట్టెలోని గిన్నెలను, బండలను వంటింట్లో కడగరాదు.

తొండ రోజుల తరబడి రెట్ట వేయకపోయినా, మేత మానినా, ముక్కుతున్నా, పొట్ట ఉబ్బినా, వెనుక కాళ్ళు ఈడ్చినా ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపాలి. ఆముదం పట్టటం వంటి సొంత వైద్యాలు పనికిరావు.

మన తొండ దగ్గరికి

ఆస్ట్రేలియా తన దేశపు అడవి జంతువులను ప్రాణాలతో అమ్మకానికి ఎగుమతి చేయనివ్వదు. ఇతర దేశాల దుకాణాలలో అమ్మే గడ్డం తొండలలో దాదాపు అన్నీ తరతరాలుగా పెట్టెలలో పుట్టి పెరిగినవే. మన దేశంలో ఉడుము వంటి వన్యప్రాణులను పట్టి పెంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ వ్యాసం చదివి కంచె మీది తొండను పట్టి పెట్టెలో పెట్టకండి. రాయి విసరనూ వద్దు. దానికి బదులు ఒక పని చేయండి.

సెలవు రోజున ఒక తొండను దూరం నుంచి గమనించండి. పొద్దున 7 గంటలకు, 10 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు, సాయంత్రం 5 గంటలకు అది ఎక్కడ ఉంది? రాతి మీదనా, కొమ్మ మీదనా, మట్టి మీదనా? ఎండలోనా, నీడలోనా? పుస్తకంలో రాసుకోండి. వీలైతే అది ఉన్న చోటికి దగ్గరలో ఉష్ణమాపకంతో వేడిని కొలవండి. వారం రోజులు ఇలా చేస్తే ఒక సంగతి బోధపడుతుంది. తొండ ఒక నేల మీద బతకదు. రోజుకు పది చోట్లు మారుతూ, తనకు కావలసిన నేలను తానే ఎంచుకుంటూ బతుకుతుంది.

మొదటి వాదంలోని మెలిక ఇదే. ఎడారిలో ఇసుక ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు. అక్కడ తొండకు ఇసుక నచ్చకపోతే రాయి ఎక్కుతుంది, రాయి కాలితే పొదలో దూరుతుంది. గాజు పెట్టెలో దానికి ఆ వీలు లేదు. మనం పరిచినదే దాని భూమి, మనం వేసినదే దాని సూర్యుడు. అందుకని జంతువును పెట్టెలో పెట్టేవాడు ముందుగా అడగవలసింది "పెట్టె ఎలా కనబడుతుంది?" అని కాదు. "ఇది ఇక్కడ ఏం తింటుంది, ఎక్కడ వెచ్చబడుతుంది, ఎక్కడ చల్లబడుతుంది, ఎక్కడ తవ్వుకుంటుంది?" అని. వీటికి జవాబు తెలియనంతకాలం దాన్ని తేకపోవటమే మేలు.